సబా ప్రార్థన వేళలకు ఫోన్‌లో అలారం పెట్టడం ఎలా?

"మా హషాఆ?" అంటే హీబ్రూలో "టైమెంత?" అని. జెరూసలేంలో నేను చూసుకునే పెద్దాయన, మా సబా (హీబ్రూలో తాత), మొదటి చలికాలంలో ఈ మాట రోజుకి ముప్పై నలభై సార్లు అడిగేవారు. చెప్పిన ఐదు నిమిషాలకే మళ్లీ అడిగేవారు. వయసు మీద పడిన మతిమరుపు అనుకుని ఓపిగ్గా చెప్తూ ఉండేదాన్ని. అది భయమని తెలుసుకోడానికి నాకు రెండు నెలలు పట్టింది. పొద్దున షేమా అనే ప్రార్థన చదవాల్సిన వేళ దాటిపోతుందేమో, పొద్దుగూకే లోపు మిన్ఖా ప్రార్థన అందదేమో అని ఆయన టెన్షన్. జీవితమంతా ఒకరు గుర్తు చేయకుండా చేసుకున్న పని అది. ఇప్పుడు దానికి కూడా నా మొహం చూడాల్సి వస్తోంది.

ఫోన్‌లో ఆ వేళలకు సరైన అలారాలు పెట్టాక ఆ ప్రశ్న చాలావరకు ఆగిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ కేర్‌గివర్ పని చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. మీరు చూసుకునే సబా గానీ సవ్తా (అమ్మమ్మ, నానమ్మ) గానీ ఆచారం పాటించేవాళ్లయితే, ఒక సాయంత్రం కూర్చుని ఈ పని చేసి పెట్టండి. రెండు గంటలకు మించి పట్టదు.

మామూలు అలారం ఎందుకు సరిపోదు?

యూదుల ప్రార్థన వేళల్ని జ్మానిమ్ అంటారు. అవి గడియారం ప్రకారం ఉండవు, సూర్యుడి ప్రకారం ఉంటాయి. మన పంచాంగం చూసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని రాహుకాలం అంటాం కదా. వీళ్లు అదే పగటిని పన్నెండు భాగాలు చేస్తారు. ఒక్కో భాగం ఒక "గంట". దాన్ని షాఆ జ్మనిత్ అంటారు. ఆ గంట 60 నిమిషాలే ఉండాలని లేదు.

జెరూసలేంలో జూన్ మూడో వారంలో సూర్యుడు దాదాపు 5:34కి ఉదయించి సాయంత్రం 7:48కి అస్తమిస్తాడు. ఆ పగటిని పన్నెండుతో భాగిస్తే ఒక్కో గంట 71 నిమిషాలు వస్తుంది. డిసెంబరు మూడో వారంలో సూర్యోదయం 6:35, సూర్యాస్తమయం 4:40. అప్పుడు అదే గంట 50 నిమిషాలే. మిన్ఖా అలారాన్ని సాయంత్రం 7:15కి పెట్టి వదిలేశారనుకోండి. జూన్‌లో అది సరిగ్గానే పనిచేస్తుంది. డిసెంబరులో అది మోగేసరికి చీకటి పడి రెండున్నర గంటలవుతుంది. రోజూ చేత్తో మార్చుకుంటూ పోదామంటే ఎన్నాళ్లు మార్చగలం? ఆ లెక్క తానే కట్టుకుని రోజూ అలారాన్ని జరిపే యాప్ కావాలి.

యాప్ కంటే ముందు అడగాల్సినవి

ఫోన్ తీసే ముందు సబాతో, వీలైతే ఆయన కొడుకుతోనో కూతురితోనో కూర్చోండి. నేను ఇది చేయకుండా నేరుగా యాప్ పెట్టేశాను. తర్వాత అన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

మొదట, ఆ ఇంట్లో స్మార్ట్‌ఫోన్‌కి ఒప్పుకుంటారా అని అడగండి. ఆచారం గట్టిగా పాటించే బ్నెయ్ బ్రాక్, మెయా షెఆరిమ్ లాంటి చోట్ల చాలా ఇళ్లలో ఇంటర్నెట్ లేని "కోషెర్ ఫోన్" మాత్రమే వాడతారు. అలాంటి చోట యాప్ మీ ఫోన్‌లో ఉండాలి, అది కూడా వాళ్లకి అభ్యంతరం లేకపోతేనే. లేదంటే సినగాగ్‌లో (యూదుల ప్రార్థన మందిరంలో) దొరికే లూఆఖ్, అంటే వేళల క్యాలెండర్, గోడకి పెట్టుకుని దాన్ని చూసి చెప్పడమే మేలు.

రెండోది, వేళలు లెక్కించడానికి వాళ్ల ఇంట్లో ఎవరి పద్ధతి పాటిస్తారో అడగండి. దీని గురించి కింద వివరంగా రాశాను. మూడోది, షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా పనులు మానే విశ్రాంతి దినం) కోసం శుక్రవారం కొవ్వొత్తులు సూర్యాస్తమయానికి ఎన్ని నిమిషాల ముందు వెలిగిస్తారు? నాలుగోది, షబ్బాత్ ఎప్పుడు ముగిసినట్టు లెక్క? ఐదోది అన్నిటికంటే ముఖ్యం: షబ్బాత్ రోజు అలారం మోగొచ్చా, మోగకూడదా?

ఈ ఐదింటికీ వాళ్లు చెప్పిన జవాబుని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మీరు సెలవు మీద వెళ్లినప్పుడు మీ చోటికి వచ్చే అమ్మాయికి కూడా ఆ కాగితం ఉపయోగపడుతుంది.

యాప్ పెట్టి, ఊరి పేరు చేత్తో ఇవ్వండి

ప్లే స్టోర్‌లో, యాప్ స్టోర్‌లో "జ్మానిమ్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికితే చాలా యాప్‌లు వస్తాయి. ఫలానాది పెట్టండి అని నేను చెప్పను. కానీ ఎంచుకునేటప్పుడు నాలుగు విషయాలు ఉన్నాయో లేదో చూడండి. ఒక్కో వేళకి విడిగా అలారం పెట్టగలగాలి. ఆ వేళకి "ఇన్ని నిమిషాల ముందు" అని ఇవ్వగలగాలి. షబ్బాత్‌కీ పండుగలకీ దానంతట అదే మౌనంగా ఉండాలి. నెట్ లేకపోయినా లెక్క కట్టగలగాలి. వేళల పట్టిక చూపించి ఊరుకునేవి చాలా ఉన్నాయి, అవి మనకి పనికిరావు.

యాప్ తెరవగానే లొకేషన్ అడుగుతుంది. ఇక్కడ ఆగండి. జీపీఎస్‌ని నమ్మి వదిలేయకండి. యుద్ధం రోజుల్లో ఇక్కడ జీపీఎస్ సిగ్నల్స్‌ని చెదరగొట్టినప్పుడు, జెరూసలేంలో ఉన్న ఫోన్ బేరూత్‌లోనో కైరోలోనో ఉన్నట్టు చూపించేది. కైరో మనకి పడమరగా నాలుగు డిగ్రీల దూరం. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సూర్యాస్తమయం పావుగంట ఆలస్యంగా చూపిస్తుంది. శుక్రవారం సాయంత్రం పావుగంట తేడా అంటే చాలా పెద్ద తప్పు. అందుకని ఆటోమేటిక్ లొకేషన్ తీసేసి, ఊరిని జాబితాలోంచి మీరే ఎంచుకోండి. టైమ్ జోన్ కూడా ఇజ్రాయెల్‌దేనా అని చూడండి.

ఆ పక్కనే ఇంకో రెండు సెట్టింగ్‌లు ఉంటాయి. ఒకటి "ఇజ్రాయెల్" లేదా "డయాస్పోరా". పెసఖ్, షవుఓత్, సుక్కోత్ లాంటి పండుగల్లో పని మానేసే రోజు ఇజ్రాయెల్‌లో ఒకటైతే, బయటి దేశాల్లో రెండు. ఇది తప్పు పెడితే పండుగ మర్నాడు కూడా ఫోన్ మూగబోతుంది, సబా మిన్ఖా పోతుంది. రెండోది ఊరి ఎత్తు. జెరూసలేం కొండ మీద, సముద్రమట్టానికి దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తుని లెక్కలోకి తీసుకుంటే సూర్యోదయం, సూర్యాస్తమయం నాలుగైదు నిమిషాలు మారతాయి. ఇంట్లోవాళ్లు చూసే లూఆఖ్‌కి ఏది సరిపోతే అదే ఉంచండి.

మన దగ్గర కూడా ఈ యాప్ అవసరమైనవాళ్లు ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయి. అక్కడైతే ఊరు గుంటూరు, సెట్టింగ్ డయాస్పోరా పెట్టుకోవాలి. మిగతా పద్ధతంతా ఇదే.

ఏ వేళలకి పెట్టాలి?

యాప్ తెరిస్తే ఇరవై పేర్లు కనిపించి కంగారు పెడతాయి. అన్నిటికీ అలారం పెట్టకండి. రోజంతా మోగే ఫోన్‌ని రెండో రోజు నుంచి ఎవరూ పట్టించుకోరు. మా ఇంట్లో మామూలు రోజుల్లో నాలుగే మోగుతాయి.

మొదటిది మిషెయాకీర్. సూర్యోదయానికి ముందు, నాలుగు మూరల దూరంలో ఉన్న తెలిసిన మనిషిని గుర్తుపట్టగలిగేంత వెలుగు వచ్చే వేళ. అప్పటి నుంచి తల్లిత్ అనే ప్రార్థన శాలువా కప్పుకుని తెఫిలిన్ కట్టుకోవచ్చు. తెఫిలిన్ అంటే నల్లటి తోలు పెట్టెలు, వాటికి పొడవాటి తోలు పట్టీలు. ఒకటి చేతికి, ఒకటి తలకి. మా సబా వేళ్లు వణుకుతాయి. పట్టీని మోచేతి కింద ఏడు చుట్లు చుట్టడానికి ఆయనకి పది నిమిషాలు పడుతుంది. సాయం చేయనివ్వరు. నేను మంచం పక్కన దీపం వేసి, చొక్కా ఎడమ చేయి భుజం దాకా మడిచి, సంచి అందేచోట పెట్టి పక్కకి జరుగుతాను. అందుకే ఆ అలారాన్ని వేళ దాటాక 15 నిమిషాలకి పెట్టాను. చీకట్లో లేచి కూర్చుని ఎదురుచూడటం ఆయన నడుముకి మంచిది కాదు.

రెండోది సోఫ్ జ్మన్ షేమా. పొద్దుటి షేమా చదవడానికి ఆఖరి వేళ, అంటే పగటి మూడో గంట ముగిసే సమయం. ఇది అన్నిటికంటే కీలకం. సరిగ్గా ఆ నిమిషానికి మోగితే లాభం లేదు, అప్పటికి అయిపోయినట్టే. 45 నిమిషాల ముందుకి పెట్టండి. ముసలివాళ్లు లేచి, బాత్రూంకి వెళ్లి, చేతులు కడుక్కుని, కళ్లద్దాలు వెతుక్కునేసరికి ఆ సమయం కావాలి.

మూడోది మిన్ఖా. మధ్యాహ్నం దాటిన అరగంట నుంచి సూర్యాస్తమయం దాకా చదవచ్చు. చాలామంది సాయంత్రమే చదువుతారు. సూర్యాస్తమయానికి, అంటే ష్కియాకి, గంట ముందు ఒకటి పెట్టాను. మా సబా మధ్యాహ్నం పడుకుంటారు కాబట్టి ఆయనకి ఇంత ముందే కావాలి.

నాలుగోది త్సేత్ హకోఖావిమ్, ఆకాశంలో మూడు చుక్కలు కనిపించే వేళ. రాత్రి ప్రార్థన మారివ్‌కి ఇది గుర్తు.

అలోత్ హషాఖర్ అంటే తెల్లవారుజాము. దానికి రోజూ అలారం అక్కర్లేదు, తెల్లవారి మొదలయ్యే ఉపవాసాలకి మాత్రం కావాలి. ప్లాగ్ హమిన్ఖా, ఖత్సోత్ లాంటివి వాళ్లు అడిగితే పెట్టండి.

మందుల అలారాలని మాత్రం ఈ యాప్‌లో కలపకండి. బీపీ మాత్ర, షుగర్ మాత్ర గడియారం ప్రకారం వెళ్లాలి. వాటిని ఫోన్‌లో ఉండే మామూలు క్లాక్‌లోనే, వేరే శబ్దంతో పెట్టండి. సూర్యుడితో పాటు మాత్ర వేళ జరిగిపోతే ప్రమాదం.

గ్రా అంటే ఏంటి, మాగెన్ అవ్రహామ్ అంటే ఏంటి?

సెట్టింగ్స్‌లో ఈ రెండు పేర్లు తప్పకుండా కనిపిస్తాయి. పగలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నదాని మీద పెద్దల మధ్య అభిప్రాయభేదం. గ్రా అంటే 18వ శతాబ్దపు విల్నా పండితుడు. ఆయన పద్ధతిలో పగలంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా. 17వ శతాబ్దపు మాగెన్ అవ్రహామ్ పద్ధతిలో తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా. సాధారణంగా సూర్యోదయానికి 72 నిమిషాల ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత 72 నిమిషాల దాకా లెక్కిస్తారు. ఈ లెక్కన షేమా ఆఖరి వేళ గ్రా కంటే సరిగ్గా 36 నిమిషాల ముందే వచ్చేస్తుంది.

మీ సబా మాగెన్ అవ్రహామ్ పాటించేవారైతే, మీరు గ్రా పెట్టి 30 నిమిషాల ముందు అలారం ఇస్తే, అది మోగేటప్పటికే ఆయన వేళ దాటిపోయి ఉంటుంది. ఆయన మీకేమీ చెప్పకపోవచ్చు కూడా. బాధపడి ఊరుకుంటారు.

కొన్ని యాప్‌లలో నిమిషాల బదులు డిగ్రీలు ఉంటాయి. సూర్యుడు దిగంతం కింద 16.1 డిగ్రీలు ఉన్నప్పుడు తెల్లవారుజాము అని. మార్చి, సెప్టెంబరులో జెరూసలేంలో ఇది 72 నిమిషాలకి సమానం. జూన్‌లో మాత్రం ఆ వేళ సూర్యోదయానికి 87 నిమిషాల దాకా ముందే వస్తుంది. ఇంట్లోవాళ్లకి ఏది కావాలో వాళ్లనే ఎంచుకోమనండి. మనకి తోచింది పెట్టే విషయం కాదిది.

శుక్రవారం

శుక్రవారం మూడు అలారాలు పెట్టండి. ముందుగా కొవ్వొత్తుల వేళ సరిగా ఉందో లేదో చూసుకోవాలి. చాలా ఊళ్లలో సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు. జెరూసలేం ఆచారం 40 నిమిషాలు, హైఫాలో 30. యాప్ తనంతట తాను 18 పెట్టుకుని ఉండొచ్చు, దాన్ని మార్చకపోతే 22 నిమిషాల తేడా వస్తుంది. డిసెంబరు మూడో వారంలో జెరూసలేంలో కొవ్వొత్తులు సాయంత్రం 4 గంటలకే వెలిగించాలి. మనకి అది ఇంకా టీ తాగే వేళ! కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

మొదటి అలారం రెండు గంటల ముందు. స్నానం చేయించడం, ప్లాటా (వంట వేడిగా ఉంచే కరెంటు పలక) మీద వంట సర్దడం, వేడినీళ్ల మెఖాం నింపి పెట్టడం, లైట్లు వాటంతట అవే ఆరి వెలిగేలా షబ్బాత్ టైమర్ తిప్పడం, ఫ్రిజ్‌లో బల్బు వెలగకుండా చూడటం, వినికిడి యంత్రంలో కొత్త బ్యాటరీ వేయడం. ఆ బ్యాటరీ సంగతి మర్చిపోవద్దు. అది షబ్బాత్ మధ్యలో అయిపోతే ఆయన రోజంతా చెవులు వినపడక ఒంటరిగా కూర్చుంటారు. రెండో అలారం అరగంట ముందు. మూడోది కొవ్వొత్తుల వేళకి ఐదు నిమిషాల ముందు. జెరూసలేంలో ఆ వేళకి ఊరంతా వినపడేలా సైరన్ కూడా మోగుతుంది. దాని మీదే ఆధారపడొద్దు, కిటికీలు మూసి ఉంటే వినపడదు.

షబ్బాత్ మొదలయ్యాక

నా తప్పు ఒకటి చెప్తాను. మొదటి వారం సబా ఫోన్‌లో అన్ని అలారాలూ పెట్టాను కానీ, షబ్బాత్‌కి మౌనంగా ఉండమని యాప్‌కి చెప్పలేదు. శనివారం పొద్దున షేమా అలారం మోగింది. సబా ఫోన్ ముట్టుకోకూడదు, కదిలించకూడదు. నన్ను ఆపమని అడగనూ కూడదు. నేను ఆపొచ్చో లేదో నాకు తెలియదు. అది పది నిమిషాలకోసారి స్నూజ్ అయి మళ్లీ మోగుతూనే ఉంది. ఆయన ప్రార్థన పుస్తకం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆ గంటసేపు నేను పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

మీకు అలా కాకూడదు. యాప్‌లో షబ్బాత్, పండుగ మోడ్ వెతికి ఆన్ చేయండి. అది కొవ్వొత్తుల వేళ నుంచి షబ్బాత్ ముగిసేదాకా ఉండాలి. రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం) ఇజ్రాయెల్‌లో కూడా రెండు రోజులు. అది గురు, శుక్రవారాల్లో వస్తే వెంటనే షబ్బాత్ కలిసి వరసగా మూడు రోజులవుతుంది. ఒక నెల ముందే యాప్‌లో ఆ తేదీలకి వెళ్లి మౌనం చూపిస్తోందో లేదో చూసుకోండి.

కొన్ని ఇళ్లలో ముందే పెట్టి ఉంచిన అలారం, కాసేపు మోగి దానంతట అదే ఆగిపోయేదైతే, ఫర్వాలేదంటారు. కొన్ని ఇళ్లలో అదీ వద్దంటారు. వాళ్లు ఏదంటే అదే. మా ఇంట్లో సబా ఫోన్ శుక్రవారం ఆపేసి సొరుగులో పెడతాం. యాప్ నా ఫోన్‌లో కూడా ఉంది, అది నా జేబులో వైబ్రేట్ మాత్రమే అవుతుంది. వేళకి నేను చేతులు కడుక్కునే రెండు పిడుల చెంబు, నత్లా, నీళ్లతో తెచ్చి మంచం పక్కన పెట్టి "సబా, షేమా" అంటాను. మాటతో గుర్తు చేయడానికి ఏ అడ్డూ లేదు. షబ్బాత్ రోజు తెఫిలిన్ కట్టరు కాబట్టి మిషెయాకీర్ అక్కర్లేదు.

మీ ఫోన్‌ని మాత్రం ఫ్లైట్ మోడ్‌లో పెట్టకండి. క్షిపణి దాడుల హెచ్చరికలు ఇచ్చే హోమ్ ఫ్రంట్ యాప్ ఎప్పుడూ మోగేలా ఉండాలి. ఇంకో సంగతి, ప్రాణం మీదకి వస్తే షబ్బాత్ నియమాలు పక్కకి తప్పుకోవాలని వాళ్ల ధర్మమే చెప్తుంది. దాన్ని పికువాఖ్ నెఫెష్ అంటారు. ఛాతీనొప్పి అన్నా, పడిపోయినా, ఎవరినీ అడగకుండా ఇక్కడి అంబులెన్స్ నంబరు 101కి ఫోన్ చేయండి.

షబ్బాత్ ముగింపు కూడా యాప్‌లో సరిచూడండి. చాలామందికి సూర్యాస్తమయం తర్వాత దాదాపు 35-40 నిమిషాలకి ముగుస్తుంది. రబ్బేను తామ్ పద్ధతి పాటించేవాళ్లు 72 నిమిషాలు ఆగుతారు. ఆ ఇంట్లో మీరు అరగంట ముందే లైటు వేసి ఫోన్ చేతికిస్తే పెద్దాయనకి ఇబ్బంది.

ఫోన్ అలారాన్ని మింగేయకుండా

యాప్ అంతా సరిగా పెట్టినా ఒక్కోసారి మోగదు. తప్పు చాలాసార్లు ఫోన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది.

ఆండ్రాయిడ్ అయితే, సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు మీదకి వెళ్లి మూడు చూడండి. నోటిఫికేషన్స్ ఆన్‌లో ఉండాలి. "అలారమ్స్ అండ్ రిమైండర్స్" అనే అనుమతి ఇచ్చి ఉండాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి కొత్తగా పెట్టిన చాలా యాప్‌లకి ఈ అనుమతి మనమే ఇవ్వాలి. బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" ఎంచుకోవాలి. రెడ్‌మీ ఫోన్లలో వీటితో పాటు ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేయాలి. అలారం శబ్దానికి విడిగా వాల్యూమ్ ఉంటుంది, రింగ్ వాల్యూమ్ పెంచి సరిపెట్టుకోకండి.

ఐఫోన్‌లో బయటి యాప్‌ల శబ్దం చాలాకాలం మామూలు నోటిఫికేషన్ లాగే, గరిష్ఠంగా 30 సెకన్లు మాత్రమే వచ్చేది. ఐఓఎస్ 26 నుంచి యాప్‌లు అసలైన అలారం మోగించే వీలు వచ్చింది, కానీ మీరు వాడే యాప్ దాన్ని వాడుకుంటోందో లేదో చూడాలి. ఇంకొకటి, నోటిఫికేషన్లతో నడిచే యాప్ ఐఫోన్‌లో ఒకేసారి 64 మాత్రమే ముందుగా వరసలో పెట్టుకోగలదు. రోజుకి నాలుగైతే పదహారు రోజులకి సరి. కాబట్టి ప్రతి ఆదివారం ఒకసారి యాప్ తెరిచి మూయండి.

శబ్దం గురించి ఒక మాట. వయసుతో ముందుగా పోయేది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. బీప్ బీప్‌మనే అలారం వాళ్లకి వినపడదు, మనకి మాత్రం తలనొప్పి తెస్తుంది. లోతైన గంట శబ్దం పెట్టండి. ఇంకా మంచిది, మనవడి గొంతు రికార్డు చేసి పెట్టడం. మా సబా మనవడు వాట్సాప్‌లో పంపిన "సబా, మిన్ఖా" అన్న రెండు మాటల్ని అలారం శబ్దంగా పెట్టాను. ఆయన ఆ గొంతు వినగానే "బా, బా" అంటూ లేస్తారు, అంటే "వస్తున్నా" అని.

మొదటి వారం సరిచూడండి

సినగాగ్ లూఆఖ్ గానీ, హెబ్‌కాల్ వెబ్‌సైట్‌లో మీ ఊరి వేళలు గానీ పక్కన పెట్టుకుని, వారం రోజులు రోజుకోసారి పోల్చండి. ఒకటి రెండు నిమిషాల తేడా మామూలే. అంతకు మించితే, ఎన్ని నిమిషాలు తేడా వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. సూర్యోదయం, సూర్యాస్తమయం నాలుగైదు నిమిషాలు తేడా వస్తే ఎత్తు సెట్టింగ్. అన్ని వేళలూ పావుగంట జరిగితే ఊరు తప్పు. కొవ్వొత్తుల వేళ ఒక్కటే 22 నిమిషాలు తేడాగా ఉంటే 18, 40 దగ్గర పొరపాటు. షేమా వేళ 36 నిమిషాలు తేడా ఉంటే గ్రా, మాగెన్ అవ్రహామ్ తారుమారయ్యాయి. షబ్బాత్ ముగింపు అరగంట తేడా ఉంటే రబ్బేను తామ్. అన్నీ సరిగ్గా గంట జరిగితే టైమ్ జోన్ లేదా వేసవి సమయం. ఈ పేరాని ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది.

ఏడాదిలో తడబడే రోజులు

ఇజ్రాయెల్‌లో మార్చి చివరి ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం తెల్లవారుజామున 2 గంటలకి గడియారం గంట ముందుకి వెళ్తుంది. అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి వస్తుంది. ఫోన్ టైమ్ ఆటోమేటిక్‌లో ఉంటే యాప్ తనే సర్దుకుంటుంది. అదే శుక్రవారం కొవ్వొత్తుల వేళ కూడా గంట జరుగుతుంది కాబట్టి గోడ గడియారాలు ముందే మార్చండి. ఇంటికి ఫోన్ చేసేవాళ్లకి కూడా లెక్క మారుతుంది. చలికాలంలో మనవాళ్లు మూడున్నర గంటలు ముందుంటే, వేసవిలో రెండున్నర గంటలే.

పెసఖ్ పండుగ ముందురోజు పొద్దున, పులిసిన పిండి పదార్థాలు తినడం పగటి నాలుగో గంట లోపు ఆపాలి, ఐదో గంట లోపు కాల్చేయాలి. ఆ ఒక్క రోజు కోసం ఈ రెండు అలారాలు పెట్టండి. కేర్‌గివర్ గదిలో దాచుకున్న బిస్కెట్లు, చపాతీ పిండి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. వాటిని ఏం చేయాలో కుటుంబాన్ని ముందే అడగండి.

ఆఖరిది యార్‌జైట్. చనిపోయినవాళ్ల సంవత్సరీకం. మనం తద్దినం తిథి ప్రకారం పెట్టినట్టే, వాళ్లు హీబ్రూ తేదీ ప్రకారం చేస్తారు. వాళ్ల క్యాలెండర్‌కి కూడా మన అధికమాసం లాగా 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల ఎక్కువ వస్తుంది కాబట్టి, ఇంగ్లిష్ తేదీ ఏటా జరుగుతూ ఉంటుంది. పైగా వాళ్ల రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. సబా భార్య ఒక రాత్రి ఎనిమిదింటికి పోయారు. నేను యాప్‌లో ఆ రోజు ఇంగ్లిష్ తేదీ మాత్రం ఇచ్చి ఊరుకున్నాను. అది ఒక రోజు ముందు హీబ్రూ తేదీ చూపించింది. ఆయన కూతురు చూసి సరిచేసింది కాబట్టి సరిపోయింది. మీరు తేదీ ఇచ్చేటప్పుడు, చావు సూర్యాస్తమయానికి ముందా, తర్వాతా అని ఇంట్లోవాళ్లని అడగండి. యాప్‌లో "సూర్యాస్తమయం తర్వాత" అన్న గడి ఉంటుంది, తర్వాతైతే దాన్ని టిక్ చేయండి. అలారం ఆ తేదీకి ముందు సాయంత్రం, చీకటి పడటానికి గంట ముందుకి పెట్టండి. 24 గంటలు వెలిగే కొవ్వొత్తి దుకాణాల్లో డబ్బాలో దొరుకుతుంది. దాన్ని వారం ముందే కొని అగ్గిపెట్టెతో పాటు ఆయనకి అందే అరలో ఉంచండి.